ధూపంలో గుగ్గిలం... కీళ్లకు ఔషధం

కార్తికమాసపు వేకువలో విజయవాడ కృష్ణాతీరాన, దుర్గాఘాట్ మెట్ల వద్ద నిలిచి గమనించిన వారికి ఒక సంగతి బోధపడుతుంది. చల్లని నీటిలో మునగడం పెద్దలకు కష్టం కాదు. ఆ నాలుగు మెట్లు దిగడం, మరల ఎక్కడం కష్టం. అరవై దాటిన తల్లులు మనుమరాలి భుజం ఊతగా పట్టుకుని ఒక్కొక్క మెట్టుకూ ఆగి దిగుతారు. ఇంద్రకీలాద్రిపై అమ్మవారికి సాష్టాంగ ప్రణామం చేయాలని వచ్చిన పెద్దాయన నిలుచుండే చేతులు జోడించి మరలిపోతారు. వ్రతానికి పీటలపై కూర్చోవలసిన దంపతులు కుర్చీలు వేయించమని ముందే కబురు పంపుతారు. భక్తికి లోటు లేదు. సహకరించనిది మోకాలు.

ఇటువంటి వారు అర్చకులను తరచు అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "పంతులుగారూ, మీరు ధూపం వేసే గుగ్గిలంతోనే కీళ్ల నొప్పులకు మందు చేస్తారట కదా! కాస్త ఇవ్వండి, పాలలో కలుపుకుని తాగుతాను" అంటారు. ఈ మాటలో సగం సత్యం ఉంది, సగం ప్రమాదం ఉంది. ఏది సత్యమో, ఏది ప్రమాదమో విడమరచి చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఈ విషయంలో మన విజయవాడకూ, పొరుగున ఉన్న ఏలూరుకూ ప్రత్యేకమైన స్థానం ఉన్నదన్న సంగతి చాలమందికి తెలియదు. దానినీ ప్రస్తావిస్తాను.

ఒక పేరు, పలు బంకలు

ధూప సమర్పణ వేళ గుగ్గులు నామం వినని ఇల్లు మనకు ఉండదు. అయితే పూజాసామగ్రి దుకాణంలో గుగ్గిలం, సాంబ్రాణి అనే పేర్లతో దొరికేవన్నీ ఒకే వస్తువు కావు. చెట్టుకు గాటు పడినప్పుడు ఆ గాయాన్ని మూసుకోవడానికి అది స్రవించే జిగురు ద్రవం గాలికి గట్టిపడి బంకగా మారుతుంది. దీనినే సంస్కృతంలో నిర్యాసం అంటారు. ఏ చెట్టు నిర్యాసం అన్నదానిని బట్టి దాని గుణం ఉంటుంది.

సాలవృక్షం నుంచి వచ్చేది సర్జరసం. తెలుగునాట సామాన్యంగా గుగ్గిలం అని పిలిచేది దీనినే. సుమత్రా, జావా ద్వీపాల ప్రాంతపు చెట్ల నుంచి వచ్చేది సాంబ్రాణి. రాజస్థాన్, గుజరాత్ మెట్ట భూములలో పెరిగే ముళ్ల పొద నుంచి వచ్చేది ఆయుర్వేదంలోని అసలు గుగ్గులు, మన కొట్లలో మహిసాక్షి అని అడిగితే ఇచ్చేది. మధ్యభారతపు పొడి అడవులలోనూ, మన కొండలలోనూ పెరిగే అందుగ చెట్టు నుంచి వచ్చేది శల్లకీ నిర్యాసం. దీనినే కుందురు అంటారు, హిందీలో సలై గుగ్గుల్ అంటారు. ఏనుగులు ఇష్టంగా తినే చెట్టు కనుక నిఘంటుకారులు దీనికి గజభక్ష్య అనే పేరు కూడా పెట్టారు. శేషాచలం కొండలలో పెరిగే కొండ సాంబ్రాణి చెట్టు ఈ అందుగకు దగ్గరి బంధువే అయినా వేరొక జాతి.

వీటిలో కీళ్ల వాపు విషయమై ఆధునిక పరిశోధనలో ఎక్కువగా పరీక్షింపబడినది శల్లకి. గుగ్గులు, శల్లకి ఒకే వృక్షకుటుంబానికి చెందినవి. సాలవృక్షపు గుగ్గిలానికీ, సాంబ్రాణికీ ఆ కుటుంబంతో సంబంధం లేదు. కనుక ధూపపు డబ్బాలోని ముక్క తీసి పాలలో వేసుకోవడం ఎంతమాత్రం తగదు. పైగా ధూపం కోసం అమ్మే వాటిలో బొగ్గుపొడి, సుగంధద్రవ్యాలు, రంగులు కలిసి ఉండవచ్చు. అవి నిప్పుకు నివేదించదగినవి, నోటికి కాదు. ధూపపు పొగ పీల్చితే కీళ్ల నొప్పులు తగ్గుతాయన్న మాటను కూడా నమ్మి మూసిన గదిలో కూర్చోవద్దు. ఉబ్బసం ఉన్నవారికి ఆ పొగ హాని చేస్తుంది.

శాస్త్రం ఏమన్నది?

గుగ్గులు ప్రస్తావన వేదకాలం నాటిది. అథర్వవేదం 19వ కాండలోని ఒక సూక్తం ఈ ఔషధపు సుగంధం సోకినవానిని యక్ష్మ వ్యాధి పీడించదన్న భావాన్ని తెలుపుతుంది. సుశ్రుతాచార్యులు కొత్త గుగ్గులు శరీరానికి పుష్టినిస్తుందనీ, పాతది కొవ్వును కరిగిస్తుందనీ భేదం చెప్పారు. ఒకే బంక వయసును బట్టి వేరు ఫలమిస్తుందని గుర్తించిన సూక్ష్మదృష్టి అది.

చరకసంహితలో సంధిగతవాతం వర్ణన ఉంది. కీలును తాకితే గాలి నిండిన తోలుతిత్తిని తాకినట్లు ఉంటుందనీ, కాలు ముడిచినా చాచినా బాధ కలుగుతుందనీ చెప్పారు. నేడు వైద్యులు అరుగుదల వల్ల వచ్చే కీళ్లవాతం అనేది చాలవరకు ఇదే. దీనికి భిన్నమైన ఆమవాతాన్ని మాధవనిదానం విడిగా వివరించింది. యోగరాజ గుగ్గులు, సింహనాద గుగ్గులు వంటి యోగాలు ఈ సంప్రదాయం నుంచి వచ్చినవే.

ఇక్కడ మీరు ప్రత్యేకంగా గమనించవలసినది, గుగ్గులును పచ్చిగా వాడమని వైద్యశాస్త్రం చెప్పలేదు. త్రిఫలా కషాయం వంటి ద్రవాలలో వేడిచేసి, మలినాలను వడకట్టి, శుద్ధి చేసిన తరువాతే ఔషధయోగాలలో చేర్చాలి. దైవానికి సమర్పించే ద్రవ్యానికి శుద్ధి ఎంత ముఖ్యమో, దేహంలోకి వెళ్లే ద్రవ్యానికీ అంతే ముఖ్యం.

కృష్ణాతీరంలో జరిగిన పరిశోధన

శల్లకి గుణాన్ని ఆధునిక పద్ధతిలో పరీక్షించే పనికి మనదేశంలో జమ్మూలోని ప్రాంతీయ పరిశోధనశాల బాట వేసింది. అక్కడి శాస్త్రజ్ఞులు సింగ్, అటల్ ఈ బంక సారానికి వాపును తగ్గించే శక్తి ఉన్నదని 1986లో ప్రకటించారు. 1990ల తొలినాళ్లలో జర్మనీలో ఆమ్మోన్ బృందం దాని కారణాన్ని వెతికింది. మన శరీరంలో 5-లైపాక్సిజనేజ్ అనే ఎంజైము ఉంది. వాపును రేకెత్తించే ల్యూకోట్రయీన్ అనే పదార్థాలు తయారు కావడానికి అది తోడ్పడుతుంది. శల్లకిలోని బాస్వెల్లిక్ ఆమ్లాలు ఆ ఎంజైమును అడ్డుకుంటాయని వారు గుర్తించారు. ఆ ఆమ్లాలలో మిక్కిలి శక్తి గలదాని పేరు ఎసిటైల్ కీటో బాస్వెల్లిక్ ఆమ్లం. చిక్కేమిటంటే, సహజమైన బంకలో అది స్వల్పంగా మాత్రమే ఉంటుంది.

ఆ స్వల్పాన్ని అధికం చేసే పని విజయవాడలో జరిగింది. జవహర్ ఆటోనగర్‌లోని లైలా ఇంపెక్స్ పరిశోధన కేంద్రం, ఈ ఆమ్లం 30 శాతం ఉండేటట్లు శుద్ధి చేసిన సారాన్ని 5-లాక్సిన్ అనే పేరుతో రూపొందించింది. ఏలూరులోని అల్లూరి సీతారామరాజు వైద్య విజ్ఞాన అకాడమీలో మోకాలి అరుగుదల గల 75 మందిపై దానిని పరీక్షించారు. కొందరికి రోజుకు 100 మిల్లీగ్రాములు, కొందరికి 250 మిల్లీగ్రాములు, మిగిలిన వారికి మందు లేని ఉత్తుత్తి గుళిక 90 రోజులపాటు ఇచ్చారు. ఎవరికి ఏది అందుతున్నదో రోగికీ తెలియదు, ఇచ్చేవారికీ తెలియదు. సారం తీసుకున్న రెండు వర్గాలలోనూ నొప్పి తగ్గింది, నడక మెరుగుపడింది. ఎక్కువ మోతాదు వారిలో వారం రోజులకే మార్పు కనిపించింది. కీలులోని ద్రవంలో మృదులాస్థిని హరించే ఒక ఎంజైము కూడా తగ్గినట్లు తేలింది. ఈ ఫలితాలు 2008లో ఒక అంతర్జాతీయ వైద్యపత్రికలో ప్రచురితమయ్యాయి. తరువాత ఆఫ్లాపిన్ అనే మరొక సారాన్ని తయారుచేసి, 60 మందిపై జరిపిన పరీక్షల ఫలితాలను 2010లో ప్రకటించారు.

మన ప్రాంతపు రోగులు, మన ప్రాంతపు వైద్యులు, మన నగరపు పరిశోధనశాల కలిసి సాధించిన ఈ ఫలం ఇప్పుడు విదేశాలలో అమ్మే గుళికలలోనూ చేరింది. ఇది గర్వించదగిన విషయమే. అయితే వస్తువును తయారుచేసిన సంస్థే పరీక్షకు వ్యయం భరించినప్పుడు, ఇతరులు ఏమన్నారో కూడా చూడడం వివేకుల లక్షణం.

మరి ఇతరులు ఏమన్నారు?

నాగపూర్ వైద్యులు 30 మంది మోకాలి రోగులకు శల్లకి సారాన్ని 333 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు 3 సార్లు 8 వారాలు ఇచ్చి, 2003లో ఫలితాలు ప్రకటించారు. నొప్పి తగ్గింది, మోకాలు మునుపటికంటే ఎక్కువ ముడవగలిగారు, ఎక్కువ దూరం నడవగలిగారు. కాని ఎక్స్‌రేలో మార్పు ఏమీ కనిపించలేదు. ఈ చివరి వాక్యాన్ని మీరు మరువవద్దు.

వైద్యపరీక్షలను కూలంకషంగా సమీక్షించే కాక్రేన్ సంస్థ 2014లో మూలికా ఔషధాలపై ఒక సమీక్ష వెలువరించింది. శుద్ధసారాన్ని రోజుకు 100 మిల్లీగ్రాముల చొప్పున 90 రోజులు తీసుకున్నవారిలో, ఉత్తుత్తి గుళిక తీసుకున్నవారికంటే నొప్పి నూటికి 17 పాళ్లు తక్కువగా ఉన్నదని తేల్చింది. అయితే ఆ లెక్కకు ఆధారం రెండు పరీక్షలు, 85 మంది రోగులు మాత్రమే. 2020లో వెలువడిన మరొక సమీక్ష 7 పరీక్షలను, 545 మంది రోగులను కలిపి చూసి, శల్లకి నొప్పినీ బిగుతునూ తగ్గించగలదనీ, కనీసం 4 వారాలు వాడి చూడవలెననీ అభిప్రాయపడింది.

ఇందులోని సారం ఇది. శల్లకి ఉపశమనం కలిగిస్తుంది, కొందరికి చెప్పుకోదగినంతగా. అరిగిన మృదులాస్థిని తిరిగి మొలిపిస్తుందని మాత్రం నిరూపణ కాలేదు. మోకాలికి మునుపటి యవ్వనం ఇస్తామనే ప్రకటనలను నమ్మవద్దు. కాని మెట్టు దిగడానికి భయపడే తల్లి ధైర్యంగా ఒక మెట్టు దిగగలిగితే, అది చిన్న మేలు కాదు.

వాడదలచిన వారికి

మొదట వైద్యుని చూడండి. కీళ్ల నొప్పులన్నీ ఒకటి కావు. అరుగుదల వేరు, ఆమవాతం వేరు, యూరిక్ ఆమ్లం చేరడం వల్ల వచ్చే వాతరక్తం వేరు, జ్వరాల తరువాత మిగిలే నొప్పులు వేరు. 2005, 2006 సంవత్సరాలలో చికున్‌గున్యా మన రాష్ట్రాన్ని పీడించినప్పుడు నెలల తరబడి కీళ్లు పట్టుకుపోయినవారిని మీరూ చూసి ఉంటారు. పై పరీక్షలన్నీ ప్రధానంగా మోకాలి అరుగుదలకు సంబంధించినవి. ఆమవాతానికి వైద్యుడు ఇచ్చిన మందులు ఆపి శల్లకి మొదలుపెడితే కీళ్లు వంకరపోయే ప్రమాదం ఉంది. ఆయుర్వేద మార్గం ఇష్టమైన వారికి విజయవాడలోనే డాక్టర్ నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది. అక్కడ వైద్యులను సంప్రదించవచ్చు.

మోతాదును బరువుతో పోల్చవద్దు. బాగా శుద్ధి చేసిన సారం 100 మిల్లీగ్రాములు చాలవచ్చు, సామాన్య సారం 1,000 మిల్లీగ్రాములు కావలసి రావచ్చు. పొరుగువారు వేసుకుంటున్నారని అదే లెక్కన వేసుకోవద్దు. డబ్బాపై బాస్వెల్లిక్ ఆమ్లాల శాతం రాసి ఉన్నదేమో చూసి, దానిని వైద్యునికి చూపండి.

భోజనంతో తీసుకోండి. ఈ ఆమ్లాలు కొవ్వులో కరిగే స్వభావం గలవి. నెయ్యి, నూనె ఉన్న భోజనంతో తీసుకున్నప్పుడు రక్తంలోకి ఎన్నో రెట్లు అధికంగా చేరుతాయని పరిశోధనలో తేలింది. కార్తిక సోమవారాలు, ఏకాదశులు ఉపవాసం ఉండేవారు పరగడుపున వేసుకోవద్దు. ఫలితం తగ్గుతుంది, కడుపులో మంట, వికారం కలగవచ్చు. ఉపవాసం విడిచిన తరువాత వేసుకోవచ్చునేమో వైద్యుని అడగండి.

గుళిక తొడుగు సంగతి అడగండి. చాలా గుళికల పైతొడుగు జెలాటిన్‌తో, అనగా జంతుసంబంధమైన పదార్థంతో తయారవుతుంది. వృక్షసంబంధమైన తొడుగు గలవి కూడా దొరుకుతాయి, మాత్రల రూపంలోనూ దొరుకుతాయి. ఆహార అనుబంధంగా అమ్మే డబ్బాపై ఆకుపచ్చ గుర్తు ఉంటే అది శాకాహారం. గుర్తు లేనప్పుడు దుకాణదారుని అడిగి తెలుసుకోండి. ఆచారం పాటించే ఇళ్లలో ఈ సంగతి తరువాత తెలిసి బాధపడేవారు ఉన్నారు.

వీరు జాగ్రత్తపడాలి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వంటి మందు వాడేవారిలో శల్లకి ఆ మందు ప్రభావాన్ని పెంచిన సందర్భాలు నమోదయ్యాయి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు శల్లకి గాని, గుగ్గులు గాని సొంతంగా వాడరాదు. గుగ్గులు యోగాలు కొందరికి చర్మంపై దద్దుర్లు కలిగిస్తాయి, థైరాయిడ్‌పై ప్రభావం చూపవచ్చు. మధుమేహానికి, రక్తపోటుకు మందులు వాడేవారు వాటి చీటీని వెంట తీసుకువెళ్లి చూపాలి.

ఒక్కరాత్రిలో తగ్గితే సందేహించండి. బంక గుణం మెల్లగా పనిచేస్తుంది. రోజులు, వారాలు పడుతుంది. సంతలోనో, రోడ్డు పక్కనో కొన్న పేరులేని పొడి వేసుకున్న పూటకే నొప్పి మాయమైతే, అందులో స్టెరాయిడ్ కలిపి ఉండవచ్చు. అటువంటి కల్తీని అధికారులు పలుమార్లు పట్టుకున్నారు. అది తెలియక నెలల తరబడి తిన్నవారికి ముఖం ఉబ్బడం, చక్కెర పెరగడం, ఎముకలు బలహీనపడడం జరుగుతుంది. తయారీదారు చిరునామా, లైసెన్సు సంఖ్య, తయారైన తేదీ లేని పొట్లం ఎంత చౌకగా వచ్చినా కొనవద్దు.

జాగు చేయరానివి కొన్ని ఉన్నాయి. కీలు ఉన్నట్లుండి ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వచ్చినా, పడిన తరువాత కాలు మోపలేకపోయినా, బంక కోసం గాని, పసరు కోసం గాని వెదకక అదేరోజు ఆసుపత్రికి వెళ్లాలి.

మందుతోపాటు మన నడవడి

మందుల దుకాణంలో నొప్పి బిళ్లలు కొని ఏళ్ల తరబడి మింగే అలవాటు మన డెల్టా పల్లెలలోనూ ఉంది. అవి కడుపులో పుండ్లకు, మూత్రపిండాల జబ్బుకు దారితీస్తాయి. ఆ బిళ్లల సంఖ్యను తగ్గించుకోవడానికి శల్లకి తోడ్పడితే అదే గొప్ప మేలు. అయితే ఏ గుళికా ఒంటరిగా సర్వం చేయలేదు. శరీరపు బరువు తగ్గితే మోకాలిపై భారం తగ్గుతుంది. కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాచి, క్షణకాలం నిలిపి, నెమ్మదిగా దించే వ్యాయామం తొడ కండరాలకు బలమిస్తుంది. ఉదయం చల్లటి వేళ కాలువగట్టు మీద కొద్దిదూరం నడవడం మేలు.

కుర్చీలో కూర్చుని పూజ చేస్తే దోషమా అని పలువురు మనసులో కుములుతుంటారు. దోషం లేదు. శక్తి ఉన్నవానికి విధించిన నియమం అశక్తునికి శిక్ష కాదు. మానసిక పూజను సైతం గొప్పగా భావించే సంప్రదాయం మనది. వాచిన మోకాళ్లను బలవంతంగా మడిచి నేలపై కూర్చుని, నొప్పి మీద ధ్యాసతో చేసే అర్చన కంటే, సుఖాసనంలో కూర్చుని దైవం మీద ధ్యాసతో చేసే అర్చన మిన్న.

చెట్టు పట్ల మన ఋణం

చివరగా ఒక మాట. నిర్యాసం చెట్టుకు తగిలిన గాయం నుంచి వచ్చేది. తన గాయాన్ని మాన్పుకోవడానికి చెట్టు దాచుకున్నదానిని మన గాయం కోసం తీసుకుంటున్నాము. లోతుగా, తరచుగా గాట్లు పెట్టి పిండుకోవడం వల్ల ఎన్నో చెట్లు ఎండిపోయాయి. రాజస్థాన్, గుజరాత్ ప్రాంతాల గుగ్గులు మొక్క నేడు తీవ్రంగా అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జాతిగా అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ జాబితాలో చేరింది. కనుక ధూపమైనా, ఔషధమైనా అవసరమైనంతే వాడడం ధర్మం. పిడికెడు గుగ్గిలం నిప్పులో పోసి ఇల్లంతా పొగ నింపనక్కరలేదు. చిటికెడు చాలును, దైవం పరిమళాన్ని చూస్తుంది గాని పరిమాణాన్ని కాదు. గుళికలు కూడా మూడు నెలలు శ్రద్ధగా వాడి, మేలు కనిపించకపోతే వైద్యునితో చెప్పి ఆపివేయండి. ఫలం లేని మందును అలవాటుగా మింగడం ధనానికీ, చెట్టుకూ నష్టం.

2016లో కృష్ణవేణికి పుష్కరాలు జరిగాయి. మరల 2028లో వస్తాయి. ఆనాటికి మీ ఇంటి పెద్దలు ఒకరి ఊతం లేకుండా ఘాట్ మెట్లు దిగి పుణ్యస్నానం చేయాలని మీకు ఉంటుంది. ఆ సంకల్పానికి ఆరంభం ఈ వారమే జరగవచ్చు. వారిని వైద్యుని వద్దకు తీసుకువెళ్లండి, వారు వాడుతున్న బిళ్లల పేర్లన్నీ ఒక కాగితంపై రాసి పట్టుకువెళ్లండి, శల్లకి తమకు తగునా అని అడగనివ్వండి. ధూపపు గిన్నెలోని గుగ్గిలాన్ని మాత్రం దేవుని ముందే ఉంచండి. ఇంద్రకీలాద్రివాసిని కనకదుర్గమ్మ మీ పెద్దల అడుగులకు బలాన్ని ప్రసాదించుగాక!